హెరాల్డు వెనక సీటు

సుభద్రమ్మను చంపింది ఆమె సొంత అన్న రామచంద్రయ్య. ఇంటి ముందర కారు పెట్టుకుని చెల్లెలికి పంపలేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. మూడేళ్లుగా ఆమె మొగుడు కురుమూర్తి అడిగినవాళ్లకు ఇదే చెప్పాడు, అడగనివాళ్లకూ చెప్పాడు.

ఆ రోజు తెల్లవారి పొయ్యి ముందు కూర్చున్న సుభద్రమ్మ రొమ్ము పట్టుకుని పక్కకు ఒరిగింది. కార్తీకమాసం, బయట మంచు. కురుమూర్తి బావమరిదికి ఫోన్ చేశాడు. "బావా, కారు తీస్కరా. చెల్లె పానం బాగలే." ఇద్దరూ ఈడువాళ్లు, ఒకే బడిలో చదివినవాళ్లు, ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్లు. పది నిమిషాలకు రామచంద్రయ్య ఫోన్ చేశాడు. "బండి అంటుకుంటలేదు బావా. ఎంత తిప్పినా అంటుకుంటలేదు."

ముందురోజు పొద్దుగూకేదాకా ఇద్దరూ అదే కారులో గుట్టల వెంబడి కౌజుపిట్టల వేటకు తిరిగి వచ్చారు. బండి గుర్రంలా నడిచింది. రాత్రికి రాత్రి దానికి ఏం రోగం వచ్చింది?

కురుమూర్తి ఫోన్ పెట్టేశాడు. మాసయ్య ట్రాలీ ఆటోలో గడ్డి పరిచి భార్యను పడుకోబెట్టాడు. దారిలో రామచంద్రయ్య నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. కట్ చేశాడు. ఇంకోసారి వచ్చింది. కట్ చేశాడు. పెద్దమందడి దాటి, వనపర్తి ఇళ్లు కనబడే వేళకు తొడ మీదున్న ఆమె తల బరువెక్కింది.

చనిపోయిన ఆడదాని మీద పుట్టింటి చీర కప్పాలి. రామచంద్రయ్య ఆకుపచ్చ చీర తెచ్చాడు. కురుమూర్తి దాన్ని అందుకుని, అందరూ చూస్తుండగా వాకిట్లోకి, మురికి కాలువ పక్కకు విసిరేశాడు. "నీ కారుకు కప్పుకోపో" అన్నాడు. రామచంద్రయ్య భార్య కాంతమ్మ చీర ఏరుకుంది. అన్నకు చెల్లెలి ముఖం చూడనివ్వలేదు. కూతురు ఉమ వనపర్తి నుంచి వచ్చి తండ్రి చెప్పింది విని, ఆనాటి నుంచి మేనమామతో మాట మానేసింది.

ఆ తర్వాత ఆ కారు కదలలేదు. రామచంద్రయ్య దానికి పరదా కప్పి కొట్టంలో నిలబెట్టాడు. సిగ్గుతో బయటికి తీయడం లేదని కురుమూర్తి అన్నాడు. ఊరు కూడా అదే అంది.

అది మామూలు కారు కాదు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు, అరవై నాలుగో సంవత్సరం బండి, మీగడ రంగు. రామచంద్రయ్య వనపర్తిలో ఒక డాక్టరు దగ్గర పాతికేళ్లు డ్రైవరుగా పనిచేసి, డాక్టరు పోయాక ఇంటివాళ్ల దగ్గర దాన్ని కొన్నాడు. బానెట్టు పట్టి లేపితే రెండు మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా లేచి, ఇంజను బయటపడుతుంది. తలుపులు రెండే. వెనక సీట్లో కూర్చోవాలంటే ముందు సీటు మడిచి దూరాలి. దిగాలన్నా ముందువాళ్లు దిగి సీటు మడవాలి.

నిరుడు షుగరు రామచంద్రయ్య కళ్లు తినేసింది. వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియని స్థితికి వచ్చాడు. అల్లుడు రాఘవేందర్ ఒక మాటైనా అడగకుండా కారును గద్వాల మెకానిక్ జాన్‌కు అమ్మేశాడు. ఆ సంగతి తెలిసిన వారానికి కురుమూర్తి గద్వాల బస్సెక్కాడు.

జాన్ బానెట్టు లేపి చూపించాడు. "ఇంజన్ బంగారం పెద్దాయనా. గిట్లాంటిది ఇప్పుడు దొర్కదు. ఒక్క రోటరే లేదుండె, వేరే బండిది అరగదీసి ఏసిన."

"రోటరంటే?"

జాన్ వేలు పెట్టి చూపించాడు. బొటనవేలంత నల్ల ముక్క, నెత్తిన ఇత్తడి రేకు. "గిది లోపల తిరిగితేనే నిప్పు రాజుకునేది. గింత ముక్క తీసి జేబుల ఏసుకుంటే బండి నడుపుడు ఎవని తాత తరం కాదు."

అది కురుమూర్తికి తెలియనిది కాదు. రాఘవేందర్ చెప్పకుండా బండి తోలుకుపోతాడని రామచంద్రయ్య రోజూ ఆ ముక్క పీకి దాచేవాడు. పేరు తెలియదు గానీ, పీకడం కురుమూర్తి ఎన్నోసార్లు చూశాడు. ఇంజను బంగారం. ముక్క ఒక్కటే లేదు. చెల్లెలు చస్తుంటే దాన్ని పీకేసి, బండి అంటుకోవడం లేదని చెప్పాడన్నమాట. మూడేళ్లుగా తాను ఊరికే నమ్మిన దానికి ఇప్పుడు సాక్ష్యం దొరికింది. కురుమూర్తి బేరమాడకుండా కారు కొన్నాడు.

వానలు వెనక్కు తగ్గాయి. వేరుశనగ విత్తనాలు వేసేశారు. గుట్టల మీద సీతాఫలాలు ఆఖరికి వచ్చాయి. భార్య పోయాక కురుమూర్తికి ఒక పొద్దు సుఖంగా గడవడం ఇదే మొదలు. తెల్లవారి లేచి కారు మీది మంచును పాత ధోవతితో తుడిచేవాడు. సీట్లకు కొబ్బరినూనె పట్టించేవాడు. చోకు లాగి తాళం తిప్పితే ఇంజను రెండు దగ్గులు దగ్గి అందుకునేది. పొగ వాకిలంతా కమ్ముకునేది, పక్కింటి నాగేంద్రమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది.

"ముసలోనికి ముద్దుల పెండ్లాం దొర్కింది" అందామె.

"నీకన్న నయం. తిప్పినప్పుడే మొత్తుకుంటది" అన్నాడు కురుమూర్తి.

గుట్ట కింద కారు ఆపి, వేడెక్కిన బానెట్టు మీద వీపు ఆనించి సీతాఫలాలు తినేవాడు. చలిలో ఆ వేడి వీపుకు పాకుతుంటే కళ్లు మూతపడేవి. మూడేళ్లుగా వదిలేసిన పిట్టల సరదా కూడా మళ్లీ పట్టుకున్నాడు. గూట్లో పెంచిన మగ కౌజు కూస్తే, అడవి కౌజులు దానితో పోట్లాటకు వచ్చి, చుట్టూ పన్నిన ఉరుల్లో కాళ్లు పెడతాయి. మాసయ్య దగ్గర ఒక పిట్టను తీసుకున్నాడు. తన కొట్టంలో దూలానికి వేలాడుతున్న పాత గూడు దించాడు. దాని మీద కప్పిన పాత రుమాలు అలాగే ఉంది. గాలికి గుడ్డ ఎగరకుండా కొంగున రాయి ముడేయడం అతనికి అలవాటు. దుమ్ము దులిపి మళ్లీ కప్పేశాడు.

సాయంత్రాలు మాత్రం వేరే సరదా ఉండేది. రామచంద్రయ్య అరుగు మీద కూర్చునే వేళ చూసుకుని, మెల్లగా ఆ వీధిలోంచి తోలేవాడు. అరుగు ముందు రెండుసార్లు హారన్ కొట్టేవాడు. గుడ్డివాడు మెడ తిప్పి, బండి మలుపు తిరిగేదాకా చెవి అప్పగించి కూర్చునేవాడు. కురుమూర్తి అద్దంలో అది చూసుకుంటూ వెళ్లేవాడు. ఆ రాత్రి అన్నం ఒక ముద్ద ఎక్కువ దిగేది.

పదిహేను రోజులకు అది కూడా చాల్లేదు. రామచంద్రయ్య నోటితో ఒప్పుకోవాలి. బీచుపల్లి ఆంజనేయుడి ముందర ఒప్పుకోవాలి. కార్తీక సోమవారం పొద్దున కురుమూర్తి అరుగు ముందు కారు ఆపాడు.

"ఏం బావా, ఇనపడుతుందా? నీ బండే."

"గొంతు మరుస్తనా?" అన్నాడు రామచంద్రయ్య.

"బీచుపల్లి పోతున్న. నదిల తానం చేసొద్దాం, వస్తవా?"

కాంతమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. మూడేళ్ల తర్వాత ఆ ఇంటి ముందు కురుమూర్తి మాట. ఆమె కళ్లనిండా నీళ్లు. "పోయి రా పో. అన్న నోరు తెర్చి పిలుస్తుండు" అని మొగుడికి చెప్పులు తొడిగింది, సంచిలో పొడి ధోవతి పెట్టింది.

రామచంద్రయ్య తడుముకుంటూ వచ్చి, బానెట్టు మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత ముందు సీటెక్కడానికి తలుపు వైపు నడిచాడు.

"అటు కాదు. ముందు సీటు పిట్టది" అన్నాడు కురుమూర్తి.

ముందు సీట్లో గూడు ఉంది. దాన్ని ఎత్తి, సీటు మడిచి, బావమరిదిని వెనక్కు తోసి, మళ్లీ గూడు పెట్టాడు. "డ్రైవర్ సాబు వెనక కూసుంటే ఎట్లుంటదో చూడు జర."

"మంచిగనే ఉంటది. ఇరవై ఐదేండ్లు డాక్టర్ సాబు గీడ్నే కూసుండె" అన్నాడు రామచంద్రయ్య.

కొత్తకోట దగ్గర పెద్ద రోడ్డెక్కారు. పెబ్బేరు దాటేదాకా వెనకవాడే మాట్లాడుతున్నాడు. మూడో గేరు ఇంకా పట్టేస్తుందా అన్నాడు. ఎడమ చక్రం కాడ చప్పుడొస్తుంది, జాన్‌కు చూపియ్యి అన్నాడు. గూట్లో పిట్ట కూసింది. "మగది. ఇంక గొంతు ముదరలే. పెద్ద పిట్ట ఎదురొస్తే భయపడతది, చూసుకో" అన్నాడు. అద్దంలో అతని ముఖం వెలిగిపోతోంది. ఏడిపిద్దామని తీసుకొస్తే వీడు సుఖపడుతున్నాడు. కురుమూర్తికి ఒళ్లు మండింది.

వంతెన దాటి, బీచుపల్లిలో మెట్ల చివర, మనుషులు లేని చోట చూసి కారు ఆపాడు. కృష్ణ నిండుగా ఉంది. మూడేళ్ల కింద సుభద్రమ్మ బూడిద కలిపింది ఆ కింది మెట్టు మీదే. కురుమూర్తి దిగి, గూడు తీసి బానెట్టు మీద ఎండకు పెట్టాడు. రుమాలు తీసి భుజాన వేసుకున్నాడు. రెండు తలుపులూ మూశాడు.

"సీటు మడువు బావా" అన్నాడు రామచంద్రయ్య.

"మడుస్త. మొదలు గుడి దిక్కు తిరిగి ఒక మాట చెప్పు. రోటరు ఏడ దాసినవు?"

లోపల రామచంద్రయ్య సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు.

"జాన్ చెప్పిండు. ఇంజన్ బంగారం. రోటరు ఒక్కటి లేదు. నీకు కాక ఇంకెవనికి ఎరుక అది పీకుడు? నీ చెల్లె సస్తుంటే పీకి ఏడ పెట్టినవు?"

"ఊకో బావా. అయిపోయిన ముచ్చట."

"నీకు అయిపోయిందిరా. నాకు కాలే. చెప్పినంకనే దిగుతవు."

కురుమూర్తి బానెట్టుకు ఆనుకుని సీతాఫలం విప్పాడు. తీరుబడిగా తిన్నాడు. గింజలు ఒక్కొక్కటే నీళ్లలోకి ఉమ్మాడు. ఎండ ఎక్కుతోంది. రెండో పండు విప్పుతుండగా వెనక నుంచి పిలుపు వచ్చింది.

"బావా, మూత్రానికి పోవాలె. షుగరు మనిషిని. ఆగదు."

"చెప్పి పో."

"నీకు దండం పెడత. సీటు మడువు."

"నా పెండ్లాం గూడ దండం పెట్టింది ఆటోల. దేవునికి. ఎవడు ఇన్నడు?"

రామచంద్రయ్య ముందు సీటు పట్టుకుని ఊపాడు. దాన్ని విప్పే కొక్కెం ఎక్కడుందో అతని చేతులకు తెలుసు, కానీ వెనక నుంచి అందదు. అద్దం మీద అరచేత్తో కొట్టాడు. తర్వాత కొట్టడం ఆగింది. కురుమూర్తి వంగి చూశాడు. కొబ్బరినూనె పట్టిన సీటు మీద తడి పాకుతోంది. అరవై ఆరేళ్ల మనిషి సంచిని ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు.

"నీ బండే కదా. తడుపుకో" అన్నాడు కురుమూర్తి.

రామచంద్రయ్య తలెత్తాడు. గొంతులో ఏడుపు లేదు.

"ఇంటవా బావా? చెప్పొద్దనుకున్న. ఇంక నాకు దాసుకునేటందుకు ఏం మిగిలింది గనక. ముందటి దినం ఉరులు తీస్తుంటే నా చేతిల తుమ్మముల్లు ఇరిగింది. యాదికున్నదా? బండి నువ్వే తోల్కొచ్చినవు. కొట్టంల పెట్టినంక రోటరు తియ్యి బావా అన్న. నువ్వే తీస్తివి."

"అబద్ధం."

"తీసి జేబుల ఏసుకోబోతివి. నీ అంగీ జేబు చినిగి ఉండె. పిట్ట గూటి రుమాలు ఉండె గద, దాని కొంగుకు ముడేస్తివి. పొద్దున బానెట్ లేపినంక గాని నాకు యాదికి రాలే. ఫోన్ చేసిన. నువ్వు ఎత్తలే. మల్ల చేసిన. ఎత్తలే. ఉరుక్కుంట మీ ఇంటికొచ్చిన, ఆటో ఎల్లిపోయింది."

చినిగిన జేబు. ఆ సాయంత్రం సుభద్రమ్మ సూదిలో దారం ఎక్కించుకుని, "అంగీ ఇప్పు, జేబు కుడత" అని వెంటపడింది. రేపు కుట్టు అన్నాడు. ఆ మాట ఇన్నేళ్లలో ఒక్కసారీ గుర్తుకు రాలేదు, ఇప్పుడు ఆమె గొంతుతో సహా వచ్చింది.

"మరి ఎందుకు చెప్పలే?" అన్నాడు.

"చెప్తే నువ్వు దూలానికి ఉరేసుకుంటుంటివి. ఉమకు తల్లి పోయె, తండ్రి గూడ ఎందుకు పోవాలె అనుకున్న. నా చీర కాలువ కాడ పడేసినా ఊకున్న. పిల్ల నన్ను చూసి ముఖం తిప్పుకున్నా ఊకున్న. ఇంకో రోటరు కొని ఏస్తే బండి నడుస్తుండె. నడిస్తే నీకు అనుమానమొస్తదని ఎయ్యలే." రామచంద్రయ్య ముందుకు వంగాడు. "ఆ గూడు తెచ్చినవు గద. రుమాలు అదేనా?"

కురుమూర్తి భుజం మీద రుమాలు ఉంది. చెయ్యి దానంతట అదే కొంగు దగ్గరికి పోయింది. ముడిని బొటనవేలితో నొక్కాడు. గుండ్రంగా లేదు. ఒక పక్క మెట్టులా ఉంది, నెత్తిన రేకు అంచు వేలికి కోసుకుంటోంది. గద్వాలలో జాన్ చూపించినదీ ఇదీ ఒకటే ఆకారం. విప్పనక్కర్లేదు.

"చెప్పు బావా. ఏమున్నది ముడిల? నాకు కనపడదు, నువ్వే చెప్పాలె."

"రాయి" అన్నాడు కురుమూర్తి.

"రాయా?"

"గాలికి గుడ్డ లేవకుండ కట్టిన. రాయే."

"ఇటియ్యి. ఒక్కపారి పట్టి చూస్త."

కురుమూర్తి మెట్లు దిగాడు. నీటి అంచున ఒక గులకరాయి ఏరి, ధోవతికి తుడిచాడు. తిరిగి వచ్చి, ముందు కిటికీలోంచి చెయ్యి పెట్టి వెనకవాడి అరచేతిలో పడేశాడు.

రామచంద్రయ్య రాయిని అటూ ఇటూ దొర్లించాడు. చెంపకు ఆనించుకున్నాడు. నవ్వాడు, శబ్దం లేకుండా.

"మూడేండ్లు కొట్టంల యేలాడిన రాయి ఇంత సల్లగ ఉంటదా బావా? ఇంక తడి గూడ ఆరలే."

పిట్ట గూట్లోంచి కూసింది.

కురుమూర్తి మళ్లీ మెట్లు దిగాడు. సుభద్రమ్మ బూడిద కలిపిన మెట్టు మీద మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ముడిని పళ్లతో విప్పాడు. నల్ల ముక్క అరచేతిలో పడింది. ఇత్తడి రేకు ఒకసారి ఎండకు మెరిసింది. చేతిని నీళ్లలో ముంచి వదిలేశాడు. రుమాలు పిండి భుజాన వేసుకున్నాడు. గుడి వైపు చూడలేదు.

పైకి వచ్చి తలుపు తీసి సీటు మడిచాడు. "దిగు. తానం చెయ్యి."

"ఇప్పుడెందుకు? అయిపాయె గద" అన్నాడు రామచంద్రయ్య. దిగలేదు. కాంతమ్మ పెట్టిన పొడి ధోవతి సంచిలోనే ఉండిపోయింది.

తిరుగుదారిలో వెనకవాడు గేరు పట్టేసినా మాట్లాడలేదు. అరుగు ముందు దించేటప్పుడు కాంతమ్మ మొగుడి తడిసిన ధోవతి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏమైందన్నా?" అంది. కురుమూర్తి గేరు వేశాడు. గుడ్డివాడు గుప్పిట్లో గులకరాయితో మెట్లు ఎక్కాడు.

సాయంత్రం దీపాల వేళ ఉమ ఫోన్ చేసింది. కాంతమ్మ ద్వారానో, ఊళ్లో ఎవరి ద్వారానో ప్రయాణం సంగతి వనపర్తి చేరింది.

"నాయినా, మామను తోల్కపోయినవట. ఒప్పుకున్నడా?"

కురుమూర్తి వాకిట్లో కారు వైపు చూశాడు. వెనక సీటు ఆరడానికి రెండు తలుపులూ తెరిచి పెట్టాడు. చలిగాలికి అవి కొద్దిగా కదులుతున్నాయి.

"నాయినా, నిన్నే. ఒప్పుకుంటే చెప్పు. లేకుంటే నేను వచ్చి నాలుగు అడుగుత. అమ్మ ఉసురు పోసుకున్నోనికి ఆ మాత్రం సిగ్గన్న ఉండాలె."

"నువ్వు రావొద్దు."

"ఏమన్నడో చెప్పు మరి."

"ఏం అనలే. ఇను, ఉమా. ఆ ముచ్చట ఇంక నా ముంగట ఎత్తకు. నువ్వు ఎత్తకు, ఎవ్వరూ ఎత్తకుండ్రి. నేను సచ్చేదాంక దాని గురించి నోరు తెరువ."

ఫోన్ పెట్టేసి, రుమాలును దండెం మీద ఆరేశాడు.